గోడవైపు తిరిగి పాడిన పాట

గుట్ట మీద తప్ప ఇంకెక్కడా ఫోన్ పలకదు. వేసవికి మందలు తోలుకొచ్చి గుడారాలు వేసుకునే ఆ కొండ పచ్చికలో ఎవరికి ఏ కబురు రావాలన్నా ఎవరో ఒకరు గుట్ట ఎక్కి దిగాల్సిందే. ఊరికే దిగితే విశేషం లేనట్టు. బెగాయిమ్ ఆ పూట అరుస్తూ, గంతులేస్తూ, మధ్యలో ఒకచోట జారి కూలబడి, లేచి మళ్ళీ అరుస్తూ దిగింది.

"అక్మూర్! ఒసేయ్ అక్మూర్! మన పాట నారిన్ అంతా తిరుగుతోందే! తలాస్ దాకా పోయిందంట!"

అక్మూర్ గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని గిట్టలో ఇరుక్కున్న ముల్లు తీస్తోంది. తలెత్తలేదు. "ఏమంటున్నారు?" అని ఆ గొర్రెపిల్లనే అడిగినట్టు మెల్లగా అడిగింది.

సెలవులకు బడి మూసే రోజున నలుగురు ఆడపిల్లలు కలిసి ఒక పాట పాడారు. అక్మూర్, బెగాయిమ్, కవలలు బాత్మా, జూరా. కోముజ్ లేదు, డోలు లేదు, వట్టి గొంతులే. బెగాయిమ్ వాళ్ళ పిన్ని దాన్ని ఫోన్లో పట్టి చుట్టాలందరికీ పంపింది. పాట మాత్రం కొత్తది కాదు. నల్లకనుమ పాట ఆ లోయలో పుట్టిన ప్రతివాళ్ళకీ వచ్చు. మూడు తీగల కోముజ్ మీద గుర్రపు డెక్కల చప్పుడుతో మొదలవుతుంది. ఆ డెక్కల చప్పుడు అక్మూర్ నోటితో చేసింది. పెదవులు బిగించి, నాలుకను అంగిలికి కొట్టి, గొంతులోంచి తీగలు మోగించింది. కవలలిద్దరూ కనుమ మీది గాలి అయ్యారు. మాటలు బెగాయిమ్ పాడింది.

బెగాయిమ్ గడ్డిలో చతికిలబడి ఫోన్ తీసింది. ఈలోగా పాలపీపాలు వదిలేసి కవలలు కూడా పరిగెత్తుకొచ్చారు.

"వినండే. 'పాపం కరెంటు పోయిందా పిల్లలూ, వాద్యాలేవీ?' ఇది కొచ్కోర్‌లో కొట్టు నడిపే ఆవిడ. 'కోముజ్ తెర వెనక దాచారు, నా దగ్గరా మీ వేషాలు?' ఇదెవరో మాస్టారు. 'మా బుడ్డది ఇది పెడితే గానీ పాలు తాగట్లేదు.' 'మా ఆయన గొడ్డలి నూరుకుంటూ విన్నాడు. కాసేపయ్యాక చూద్దును కదా, గొడ్డలి పక్కన పడేసి ఊరికే కూర్చున్నాడు. కట్టెలు ఎవరు కొడతారమ్మా ఇప్పుడు?'"

కవలలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

"తిట్టినవాళ్ళు లేరా?" అంది అక్మూర్.

"ఉన్నాడొకడు. 'కోముజ్ లేకుండా నల్లకనుమ పాటేంటి, ఆకలేసిన దోమల గోలలా ఉంది' అన్నాడు. వాడి మొహం. నీ గురించి కూడా ఉందే. 'ఆ మోచెయ్యి ఎవరిది? కోముజ్ అక్కణ్ణించే వినిపిస్తోంది' అంట!"

అక్మూర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వీడియోలో ఆమె కనిపించేది అంతే, ఒక మోచెయ్యి. మిగతా మనిషంతా బెగాయిమ్ వెనక దాక్కుంది. జనం మొహాలు చూస్తూ పాడడం ఆమె వల్ల కాదు. ఇంట్లో సాధన చేసినా గుడారం గోడవైపు తిరిగే పాడేది. తెల్ల ఉన్ని గోడ ఏమీ అనదు, నవ్వదు, మెచ్చుకోదు.

"అందరూ ఒకటే అడుగుతున్నారు," అంది జూరా, ఫోన్ లాక్కుని చూస్తూ. "తాత విన్నాడా అని."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. గొర్రెపిల్ల అక్మూర్ ఒళ్ళోంచి దూకి కుంటకుండానే పారిపోయింది.

నల్లకనుమ పాట కట్టింది అక్మూర్ తాత సాతిబాల్డి. కుర్రతనంలో, కనుమకు అవతలి లోయలో ఉన్న ఒక పిల్ల కోసం మంచు కరగకముందే గుర్రమెక్కి వెళ్తూ వెళ్తూ దారిలో కట్టాడు. ఆ పిల్లే ఇప్పుడు నానమ్మ ఉమ్సునాయ్. ఆయన కోముజ్ పట్టుకుంటే తాగుతున్న కుమిస్, పులిసిన గుర్రప్పాల గిన్నెలు కింద పెట్టి మరీ వినేవాళ్ళు. రెండు చలికాలాల కిందట పక్షవాతం తగిలి కుడిచేతి వేళ్ళు బిగుసుకుపోయాయి. ఎడమచెయ్యి బాగానే ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి, గుర్రమెక్కుతాడు, పోట్లాడతాడు. కోముజ్ మాత్రం గుడ్డలో చుట్టి పైకి కట్టేశాడు. అప్పట్నుంచి ఆయన వస్తుంటే ఆ పాట ఎక్కడిదక్కడ ఆపేస్తున్నారు. పెళ్ళిళ్ళలో సైతం ఆయన గుమ్మంలో కనపడగానే పాడేవాళ్ళు దగ్గు నటించి ఇంకో పాట ఎత్తుకుంటున్నారు. ఆయన బాధపడతాడని వాళ్ళ భయం.

మర్నాడు పొద్దున్నే కలిపా అత్త గుర్రం మీద వచ్చి దిగకుండానే మాట్లాడింది. పచ్చిక పండగ పనులన్నీ ఆవిడవే.

"శనివారం మీ నలుగురూ పాడాలి. ఊరు ఊరంతా అడుగుతోంది. కానీ ఒక్క మాట. పాట కట్టిన పెద్దమనిషి కళ్ళెదురుగా ఉన్నాడు. ఆయన చేతులెత్తి దీవిస్తే వేదిక ఎక్కండి. లేకపోతే ఎక్కించను. తర్వాత ముసలాయన అలిగితే ఆ పాపం నేను మోయలేను."

"నువ్వే అడగొచ్చు కదత్తా," అంది బెగాయిమ్.

"నేనా? ఆయన కొరడా నాకు తెలుసు. మనవరాలు ఉంది కదా, అడుగుతుంది," అని అక్మూర్ వైపు చూసి గుర్రాన్ని తిప్పేసింది.

అక్మూర్‌కు పక్క గుడారానికి వెళ్ళి ఉప్పు అడగడమే పెద్ద పని. తాతను ఈ మాట అడగడమంటే కనుమ ఎక్కడం లాంటిదే. అయినా ఈసారి అడగకుండా ఉండలేకపోయింది. దోమల గోల అన్నవాణ్ణి ఆమె ఎప్పుడో మరిచిపోయింది. మిగతా అందరూ ఏమన్నా ఆమెకు ఒక మోస్తరుగానే ఉంది. ఆ డెక్కల చప్పుడు నేర్చుకున్నదే ఆయన కోముజ్ విని. ఆయన వినకపోతే ఎంతమంది విన్నా లెక్కలోకి రాలేదు.

తాత జీను పట్టీ బిగించుకుంటుంటే పక్కన నిలబడింది. ఎడమచేత్తో, పళ్ళతో బిగిస్తున్నాడు.

"తాతా."

"ఊఁ."

"శనివారం మేం... నీ పాట... మీ అందరి ముందు... కోముజ్ లేకుండా..."

తాత పట్టీ వదిలేశాడు. "ఏ పాట?"

"నల్లకనుమ."

"కోముజ్ లేకుండానా?"

"నోటితో తాతా. నేను నోటితో..."

"గుర్రం లేకుండా కనుమ దాటతారన్నమాట!" అన్నాడు. కోపంగా కాదు. కోపమైతే ఆమెకు ఇంకా తేలికగా ఉండేది. "నేను పోయాక పాడుకోండమ్మా. అప్పుడెలాగూ ఆడవాళ్ళు కోముజ్ లేకుండానే కదా పాడేది."

అది నిజమే. ఎవరైనా పోతే ఆ ఇంటి ఆడవాళ్ళు గుడారంలో గోడవైపు తిరిగి కూర్చుని, పోయినవాళ్ళ గుణగణాలు రాగం తీసి పాడుతూ ఏడుస్తారు. కోముజ్ ముట్టుకోరు. ఆ ఏడుపు విన్న మగవాళ్ళు ఎంత దూరాన ఉన్నా గుర్రాలు దౌడు తీయిస్తూ, పెద్దగా గొంతెత్తి ఏడుస్తూ ఆ గుడారం దగ్గరికి రావాలి. మర్యాద అది.

తాత పట్టీ బిగించి, గుర్రమెక్కి మందవైపు వెళ్ళిపోయాడు. అక్మూర్ ఉన్నచోటే నిలబడింది.

"వినలేదు కదా, వింటే కాదనడు," అంది బెగాయిమ్. "ఇంకా బాగా పాడదాం. ఒకసారి వినిపిద్దాం. బాగోకపోతే నేనే మానేస్తా, చాలా?"

మధ్యాహ్నం మబ్బు పట్టి సన్నటి చినుకులు మొదలయ్యాయి. చలిగాలి. నానమ్మ పక్క గుడారంలో ఉన్ని కంబళి కుట్టడానికి వెళ్ళింది. నలుగురూ తలలకు రుమాళ్ళు కట్టుకుని తాత గుడారంలో చేరారు. అక్మూర్ ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చుంది. "నువ్వొక్కదానివే అటు తిరిగితే శ్రుతి కలవట్లేదే," అని మిగతా ముగ్గురూ కూడా అటే తిరిగి ఆమె భుజాలకు భుజాలు ఆనించారు. నిదానంగా, ఎప్పటికంటే నిదానంగా ఎత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఎసెన్‌కుల్ కొండవాలు దిగుతున్నాడు. అవతలి లోయ మనిషి. తప్పిపోయిన గోధుమరంగు ఆడగుర్రాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. చినుకుల్లో ఆడగొంతులు వినిపించాయి. కళ్ళెం బిగబట్టి చెవి ఒగ్గాడు. వాద్యం లేదు. ఆడవాళ్ళే. వస్తున్నది సాతిబాల్డి గుడారంలోంచి. రాగం సాతిబాల్డిదే.

అంతే. ఎసెన్‌కుల్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని గుర్రాన్ని అదిలించాడు.

"ఓ నా అన్నా! నా కొండా! నేను ఆనుకున్న నా కొండా! నన్నొదిలి ఎటు పోయావన్నా!"

కొండవాలు మీద ఆ కేక విన్నాక పాలు పితుకుతున్న ఇద్దరు మగవాళ్ళు బొక్కెనలు వదిలి, జీను కూడా లేకుండా గుర్రాలెక్కారు. వాళ్ళూ అందుకున్నారు. మూడు గుర్రాలు, మూడు గొంతులు, ఒకే గుడారం వైపు.

లోపల పిల్లలకు డెక్కల చప్పుడు వినిపించింది. అక్మూర్ తన నోరే ఇంత బాగా మోగుతోందా అనుకుంది ఒక్క క్షణం.

మందనుంచి తిరిగొస్తున్న తాత అవతలి వైపునుంచి ఈ దృశ్యం చూశాడు. ముగ్గురు మగవాళ్ళు తన గుడారం వైపు ఏడుస్తూ వస్తున్నారు. తను బతికే ఉన్నాడు. అంటే పోయింది ఎవరు? గుర్రాన్ని దౌడు తీయిస్తూ గొంతెత్తాడు.

"ఓ నా ఉమ్సునాయ్! నా ఉమ్సునాయ్! కనుమ దాటి తెచ్చుకున్న నా ఉమ్సునాయ్!"

ఉమ్సునాయ్ అప్పటికే సూదితో సహా పక్క గుడారంలోంచి బయటికి ఉరికింది. ఎవరో పోయారు, ఏడుపు తన ఇంటిమీదికి వస్తోంది, ముసలాయన మందకు వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. ఆవిడా గొంతెత్తబోయింది. సరిగ్గా అప్పుడు తన పేరు వినిపించింది.

అందరూ గుమ్మం ముందు ఒక్కసారే కలిశారు. ఎసెన్‌కుల్ కన్నీళ్ళతో ఏమీ కనపడక, గుర్రం దిగుతూనే ఎదురుగా ఉన్న ముసలి మనిషిని గట్టిగా కావిలించుకున్నాడు.

"ఓర్చుకోన్నా, ఓర్చుకో! సాతిబాల్డి అన్న వెళ్ళిపోయాడు!"

"ఎక్కడికి?" అన్నాడు సాతిబాల్డి.

ఎసెన్‌కుల్ వెనక్కి జరిగి చూశాడు. మళ్ళీ చూశాడు. గుడారంలోకి తొంగి చూశాడు. రుమాళ్ళు కట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్న నలుగురూ ఒకేసారి తలలు వెనక్కి తిప్పారు. నలుగురి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి.

"మరి వీళ్ళెవరి కోసం ఏడుస్తున్నారు?"

"ఏడవట్లేదు మామా," అంది జూరా సన్నగా. "సాధన చేస్తున్నాం."

ముందు నవ్వింది నానమ్మే. నవ్వి నవ్వి గుమ్మానికి ఆనుకుంది. "ఏమయ్యా, పెళ్ళయ్యాక నలుగురిలో నా పేరు పిలవలేదు నువ్వు. పిలిపించుకోవాలంటే చావాలన్నమాట. ముందే చెబితే ఎప్పుడో చచ్చేదాన్ని కదా!"

"నోరు మూసుకో," అన్నాడు తాత, తడిసిన మీసం తుడుచుకుంటూ. ఆవిడ భుజం మీద వేసిన ఎడమచెయ్యి మాత్రం ఇంకా తియ్యలేదు.

అక్మూర్‌కు భూమి చీలితే బాగుండునని ఉంది. తాతను బతికుండగానే చంపేసింది. ఇక శనివారం లేదు, దీవెన లేదు. తాత తన మొహం కూడా చూడడు.

ఏడుస్తూ వచ్చినవాళ్ళను ఆకలితో పంపకూడదు. తాత ఒక గొర్రెను కోయించాడు. కుండ పొయ్యికెక్కింది, గుడారం నిండా ఆవిరి, గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోట తాతే కూర్చున్నాడు. "నా చావు భోజనం నేనే దగ్గరుండి పెట్టిస్తున్నాను, కడుపునిండా తినండి. నిజంగా పోయినప్పుడు మాత్రం మీకు ముద్ద పెట్టొద్దని చెప్పి పోతాను," అన్నాడు. అందరూ నవ్వారు. ఎసెన్‌కుల్ మాత్రం సిగ్గుతో కుమిస్ గిన్నెలోకి చూస్తున్నాడు. గోధుమరంగు గుర్రం సంగతి కూడా మరిచిపోయాడు.

"ఒరే ఎసెన్‌కుల్, ఇటు చూడు. పాటలో నీకు ఎక్కడ ఏడుపొచ్చింది?"

"అన్నా, ఇంక వదిలెయ్యవా?"

"వేళాకోళం కాదురా. చెప్పు. పోయాననుకుని ఏడ్చావా, పాటకు ఏడ్చావా?"

ఎసెన్‌కుల్ గిన్నె కింద పెట్టాడు. "కేక మర్యాదకే పెట్టానన్నా, అబద్ధమెందుకు? కానీ మధ్యలో ఒకచోట, గుర్రం పైకెక్కి ఊపిరి పీల్చుకునే చోట, వెనకనుంచి గాలి లేస్తుంది చూడు, అక్కడ నాకు కేక రాలేదు. ఉత్త నీళ్ళే వచ్చాయి. నీ పెళ్ళిలో విన్నాను, నా పెళ్ళిలో విన్నాను, అక్కడ గుర్రం ఆగుతుందని నాకు ఇవాళే తెలిసింది."

తాత బిగుసుకుపోయిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. "అక్కడ నేను ఎప్పుడూ తొందరపడేవాణ్ణి," అన్నాడు. "వేళ్ళు ఊరుకునేవి కావు."

తర్వాత అక్మూర్ వైపు తిరిగాడు. "పాడండి."

నలుగురూ లేచారు. అక్మూర్ కాళ్ళు వాటంతటవే గోడవైపు తిరిగాయి.

"అటెక్కడికి? గోడ కట్టిందా పాట? ఇలా వచ్చి నా పక్కన కూర్చో."

వచ్చి కూర్చుంది. మొహం వంచుకునే పెదవులు బిగించి మొదలుపెట్టింది. మొదటి డెక్కలు తడబడ్డాయి. తాత ఎడమచేత్తో ఆమె ముంజెయ్యి పట్టుకుని, కోముజ్ మెడ పట్టుకున్నట్టు తన వైపు లాక్కున్నాడు. ఆయన వేళ్ళు ఆమె చొక్కా చేతి మీద ఒక్కో చోట నొక్కడం మొదలుపెట్టాయి. ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ, కాస్త పైకి. అక్మూర్‌కు ఒక్కసారిగా అర్థమైంది. నొక్కే చెయ్యి ఆయనది, మీటే చెయ్యి తన నోరు. ఆమె తలెత్తింది. ఎంతమంది చూస్తున్నారో అప్పుడు గుర్తుకు రాలేదు. కవలలు గాలి ఎత్తారు. బెగాయిమ్ ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి పాడింది.

గుర్రం కనుమ పైకి వచ్చే చోట తాత వేళ్ళు ఆగాయి. ఆమె ఆగింది. గాలి ఒక్కటే మిగిలింది. నానమ్మ గరిటె పట్టుకుని కుండ దగ్గర అలాగే నిలబడిపోయింది.

పాట అయ్యాక నానమ్మ మళ్ళీ కుండ కలిపింది.

"దిగేటప్పుడు తొందరపడుతున్నారు," అన్నాడు తాత. "గుర్రం అలిసిపోయి ఉంటుంది. కిందున్న పిల్ల ఎక్కడికీ పోదు, మెల్లగా దిగొచ్చు. మళ్ళీ పాడండి."

మళ్ళీ పాడారు. మాంసం ఉడికిపోయింది, చల్లారింది, మళ్ళీ వేడిచేశారు. తినడం అయ్యాక తాత రెండు చేతులూ చాచాడు. కుడిచేతి వేళ్ళు పూర్తిగా తెరుచుకోలేదు. నానమ్మ తన అరచెయ్యి దాని కింద పెట్టింది.

"మీ గొంతులకు దిష్టి తగలకూడదు. మీ కనుమల మీద మంచు తొందరగా కరగాలి. మీరు పాడేచోట వినేవాళ్ళు ఉండాలి. వాళ్ళు గుర్రాలు దిగి, కన్నీళ్ళు తుడుచుకుని మరీ వినాలి."

"ఓమిన్!" అని అందరూ అరచేతులతో మొహాలు నిమురుకున్నారు. ఎసెన్‌కుల్ అందరికంటే గట్టిగా అన్నాడు.

"ఒక్క చిక్కు ఉంది," అంది బాత్మా. ఆ పిల్ల రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడదు. "శనివారం వేరే లోయలవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళు కూడా ఇలాగే అనుకుంటే?"

అందరూ ముసలాయన వైపు చూశారు.

"అనుకోకుండా చూసే పూచీ నాది," అన్నాడాయన.

శనివారం ఎండ కాసింది. కలిపా అత్త వేసిన తివాచీల మీద నలుగురు ఆడపిల్లలూ, వాళ్ళ మధ్య, జనానికి ఎదురుగా సాతిబాల్డి తాత కూర్చున్నాడు. ఎడమచేతిలో మనవరాలి ముంజెయ్యి. మొదట్లో గుసగుసలు లేచాయి. కోముజ్ ఏదని ఎవరో అడిగారు. డెక్కలు మొదలయ్యాక ఆ మాట మళ్ళీ ఎవరూ అడగలేదు. పాట కనుమ పైకి చేరింది. గుర్రం ఆగింది. ఆ నిశ్శబ్దంలో వెనక వరసల్లో, అక్సాయ్ వైపునుంచి వచ్చిన ఒక ముసలమ్మ రుమాలు అంచు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. పక్కనున్న ఆవిడ కూడా అందుకుంది. ఒక మగవాడు అలవాటు కొద్దీ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

తాత అక్మూర్ చెయ్యి ఒక్క క్షణం వదిలి, తన తెల్ల ఉన్ని టోపీ తీసి తలమీద ఎత్తుగా పట్టుకున్నాడు. "ఇక్కడే ఉన్నానమ్మా!" అని కేకేశాడు. "పాటను చూసి ఏడువు, నన్ను చూసి కాదు!"

పచ్చిక మీద నవ్వులు వరసలు వరసలుగా వెనక్కి పోయాయి. ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. అక్మూర్‌కు కూడా నవ్వొచ్చింది. పెదవులు బిగించి ఉండగా నవ్వు వస్తే ఎలా, నోట్లో కోముజ్ తీగ తెగినట్టు ఒక డెక్క తప్పిపోయింది. అందరికీ వినిపించింది. ఆమె తల దించుకోలేదు. తాత టోపీ పెట్టుకుని మళ్ళీ చెయ్యి అందుకున్నాడు. వేళ్ళు నొక్కాడు. గుర్రం మెల్లగా, తొందరేమీ లేకుండా కిందికి దిగడం మొదలుపెట్టింది.